మూత లేని మందసం

ఆ వేసవిలో మా ఇంటికి ఒక పెట్టె వచ్చింది. దానంతట అది రాలేదు, నేనే తెచ్చాను. తెచ్చి పెట్టేది గనక పెట్టె అన్నారేమో తెలియదు గానీ, ‘తెచ్చిపెట్టుకోవడం’ అన్న మాటకు అర్థం మాత్రం నాకు దాని తర్వాతే తెలిసింది. పూర్తిగా తెలిసిందా అంటే, ఇప్పటికీ అనుమానమే.

అనుమానం నాకు కొత్త కాదు. నా పేరు తోమాసు. బైబిల్లో సందేహానికి పెట్టింది పేరు. మా నాన్న నాకు పెట్టిందీ అదే పేరు. ఇంట్లో గిన్నెలు తోమేదీ నేనే గనక ఆ పేరుకు రెండు వైపులా న్యాయం జరుగుతోంది. ఢిల్లీ పక్కన ఫరీదాబాదులో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసు స్టోర్సులో గుమాస్తాను. నా భార్య జయకుమారి అదే ఊళ్ళో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. జయం ఆవిడది, కుమారి మా అమ్మాయి పెర్సిస్, ఆ రెంటి మధ్య ఇరుక్కున్నవాణ్ణి నేను.

2007 ఏప్రిల్ నెలాఖరు. మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం సాయంత్రాలు ఒక స్కూలు హాల్లో కూడుకునేది. పిల్లల వేసవి బడి ముగింపుకు యొర్దాను నది దాటే నాటిక వేద్దామన్నారు పాస్టరుగారు. యాజకులు మందసం, అంటే దేవుడి నిబంధన పెట్టె, మోసుకుంటూ నదిలో కాలు పెడతారు, నీళ్ళు ఆగిపోతాయి, జనం ఆరిన నేల మీద దాటిపోతారు. జనం ఉన్నారు. యాజకులున్నారు. నదికి నీలం తార్పాలిన్ ఉంది. మందసమే లేదు.

“చూడ్డానికి అసలు దానిలాగే ఉండాలి. నలుగురు మోసినా ఊడిపోకూడదు. కిందటేడు మన అట్టపెట్టె నోవహు ఓడ ఏమయిందో చూశారుగా,” అన్నారు పాస్టరుగారు.

చూశాం. జలప్రళయం దాకా ఆగలేదది, కూలరు నీళ్ళకే మునిగింది.

నేను చెయ్యెత్తాను. “మందసం అంటే మందకు సంబంధించింది. ఈ మందలో నేనూ ఒక గొర్రెనే గదండీ, నేను చేస్తాను.”

హాలంతా నవ్వింది. జయ నవ్వలేదు. ఆ నెలంతా జయ దేనికీ నవ్వలేదు. యేసుకుమార్ మీద దిగులనుకున్నాను.

యేసుకుమార్‌ది రేపల్లె వైపు. మా వీధిలోనే ఉంటాడు. జయ మాట మీదే ఆవిడ ఆసుపత్రిలో వార్డు అటెండెంటుగా కాంట్రాక్టు మీద చేరాడు. జయను అక్కా అంటాడు, ఆ వరసలో నన్ను బావగారూ అంటాడు. ఈస్టరు వెళ్ళిన బుధవారం నాడు వాళ్ళ వార్డులో ఒక పెద్దాయన గుండె ఆగింది. గుండెకు షాకిచ్చే మెషీను తీస్తే అందులో చార్జింగు లేదు. పై అంతస్తు నుంచి ఇంకొకటి పరిగెత్తి తెచ్చేసరికి నాలుగు నిమిషాలు. పెద్దాయన బతికాడు గానీ ఆయన కొడుకులు ఊరుకోలేదు. చార్జింగు పెట్టడం అటెండెంటు పని అని చెప్పి యేసుకుమార్‌ని ఇంట్లో కూర్చోబెట్టారు. జూన్ నాలుగు, సోమవారం విచారణ. విచారణ అన్న మాటలో ముందు కూర్చున్నదే విచారం. అది ఎదురు తిరిగితే ఉద్యోగం పోతుంది. ఆ మచ్చ ఉన్న మనిషిని ఢిల్లీ చుట్టుపక్కల ఏ ఆసుపత్రీ గేటు దాటనివ్వదు. బడికెళ్ళే ఆడపిల్లలు ఇద్దరు.

“గోడ ప్లగ్గు పనిచెయ్యట్లేదని ఆ పొద్దున్నే కాగితంలో రాశాను బావగారూ, ఒట్టు,” అనేవాడు కనబడ్డప్పుడల్లా.

ఆ కాగితం ఏమైందో ఎవరికీ తెలియదు.

*

పెట్టె బల్లభ్‌గఢ్ రోడ్డు మీద పాత సామాన్లు కొనే కబాడీ కొట్లో దొరికింది. పచ్చటి గట్టి ప్లాస్టిక్కు, చుట్టూ ఎముకల్లా పట్టీలు, ఆరు ఇనుప గొళ్ళేలు, మూత చుట్టూ రబ్బరు. లారీ ఎక్కినా చెక్కుచెదరదు. లోపల నల్లటి స్పాంజి, అందులో ఏదో మెషీను కూర్చునే గుంట. మూత లోపలి వైపు గళ్ళు గళ్ళుగా ఏదో కాగితం, దాని మీద సెల్లో టేపు. మా ఆఫీసు గోడల నిండా ఇలాంటి కాగితాలే గనక నేను దాన్ని చూడలేదు. చూడకపోవడంలో నాకు ఇరవయ్యేళ్ళ సర్వీసుంది.

ఆటోలోంచి దింపి వరండాలో పెట్టేసరికి జయ డ్యూటీ నుంచి వచ్చింది. బూట్లు విప్పబోతూ ఆగిపోయింది.

“ఎక్కడిదిది?”

“కబాడీవాడితో గంటసేపు కబడ్డీ ఆడి గెలుచుకొచ్చాను. ఎలా ఉంది? మందుల పెట్టెలా లేదూ? మందసంలో మందు ఎటూ ఉంది!”

ఆమె పెట్టె పక్క భాగం చూసింది. అక్కడ ఎర్ర రంగుతో 4 అని రాసి ఉంది. గొళ్ళేలు వరసగా తీసింది, నేను తడుముకున్న ఆరింటినీ ఆరు క్షణాల్లో. మూతెత్తి లోపలికి చూసింది. మళ్ళీ మెల్లిగా వేసింది.

“లోపలి పని నేను చేస్తాను. మీరు బయట చూసుకోండి.”

“నువ్వా? నాటకాలంటే నీకు—”

“చేస్తానన్నాను కదండీ.”

పెళ్ళయి పదిహేడేళ్ళు. నా సరదాల్లో ఆమె చెయ్యి పెట్టడం అదే మొదలు. సంతోషించాలో కంగారు పడాలో తెలియక టీ పెట్టాను.

*

కొలతలు మొదలయ్యాక కలతలు మొదలయ్యాయి. మందసం పొడవు రెండున్నర మూరలు ఉండాలి. పెట్టె ముప్ఫై అంగుళాలు. మూరంటే పద్దెనిమిది అంగుళాలన్నారు పాస్టరుగారు. ఆ లెక్కన మా పెట్టె పదిహేను అంగుళాలు పొట్టి.

“మోషే చెయ్యి ఎంత పొడుగో ఎవరు చూశారండీ?” అన్నాను. “మల్లెపూలమ్మి మూర వేరు, కొనేవాళ్ళ మూర వేరు. పెట్టెను సాగదియ్యలేం, మూరను తగ్గిద్దాం.”

మర్నాడు ఆరాధన అయ్యాక సంఘంలో అందరి మోచేతులూ కొలిచాను. ఎవరిదీ సరిపోలేదు. చివరికి రిటైరైన నర్సు అన్నమ్మగారు వచ్చింది. పిట్టంత మనిషి. మోచేతి నుంచి వేలి కొస దాకా పన్నెండంగుళాలు, గీత గీసినట్టు. రెండున్నర అన్నమ్మ మూరలు, ముప్ఫై అంగుళాలు.

“అంతేగదయ్యా! కొలిచేవాళ్ళని వెతుక్కుంటే ఏ పెట్టయినా సరిపోద్ది,” అంది అన్నమ్మగారు చేతిని వెనక్కి లాక్కుంటూ. అందరం పడీ పడీ నవ్వాం. జయ బ్యాగు సర్దుకుని బయటికి నడిచింది.

మే నెలంతా వరండాలో పని సాగింది. లూ అనే వడగాలిలో బంగారు రంగు చల్లితే పెట్టెకు సగం, నాకు సగం అంటుకునేది. జయ మాత్రం మొదటిరోజే థిన్నరు గుడ్డతో ఆ 4 అంకె చుక్క మిగలకుండా తుడిచేసింది. ఆపైన మైదా జిగురు కాచి మూత లోపల బంగారు కాగితం అంటించింది. ఆరాక దాని మీద ఇంకో పొర. ఆ పైన మరొకటి.

“ఒక్కటి చాలదూ? నిబంధన మందసంలో మూడు పొరల నిబంధన ఎక్కడా లేదే,” అన్నాను.

“ఊడిపోకూడదన్నారుగా పాస్టరుగారు.”

పెర్సిస్ మూత మీదికి థర్మకోలుతో రెండు కెరూబులను, రెక్కల దేవదూతలను, చెక్కింది. పద్నాలుగేళ్ళ పిల్ల, తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. తనే చెక్కి, తనే దూరం నుంచి చూసి మొహం చిట్లించింది. “పాపా, యే తో ముర్గీ లగ్ రహీ హై.”

కోడిలా ఉందట. నిజంగానే ఉంది.

“రెక్కలు చాపితే కెరూబు, ముడిస్తే కోడి. చాపించు,” అన్నాను. పెర్సిస్ నవ్వి వాళ్ళమ్మ వైపు చూసింది. జయ మూతను అరచేత్తో రుద్దుతూనే ఉంది, గాలి బుడగలు లేకుండా, ఎప్పుడో ఆరిపోయిన కాగితాన్ని.

*

నాటికకు ముందురోజు, శనివారం పొద్దున, యేసుకుమార్ వచ్చాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతున్నానన్నాడు. మోతకర్రలు బిగించే పని ఇచ్చాను. బైబిల్లో చెప్పిన తుమ్మకర్ర ఎక్కడ తేను? తుమ్మితే వంగే ప్లాస్టిక్కు గొట్టాలు తెచ్చి లోపల ఇనుప కడ్డీ దూర్చాం. కెరూబులను మూతకు బోల్టులతో బిగించిందీ అతనే. పని చేస్తూ చేస్తూ ఒక గొళ్ళేన్ని టక్కుమనిపించి ఆగాడు.

“బావగారూ, మా వార్డు పెట్టె గొళ్ళెం కూడా ఇట్టాగే కరిచేది. ఇదిగో, ఈ వేలికి.”

“అన్ని పెట్టెలూ ఒక కంపెనీ పిల్లలేనయ్యా. పుట్టుకతో వచ్చిన బుద్ధి.”

“మాది నాలుగో నంబరు. మూత లోపల నెల కాగితం టేపేసి అంటించేవాళ్ళు, దాని మీద చెరగని పెన్నుతో రాసేవాళ్ళం. అందులోనే రాశాను బావగారూ, నా చేత్తో. ఒక్కరోజు కాదు, మూడ్రోజులు వరసగా. కొత్త పెట్టెలొచ్చాయని పాతవన్నీ కబాడీకి ఏశారంట. సోమవారం నేనేం చూపించను? నా నోరే చూపించాలి.”

నాకు నవ్వు మొహం అలాగే ఉండిపోయింది. జయ వైపు చూశాను. టీ పోస్తోంది. ఒక్క చుక్క కూడా పక్కన పడలేదు.

“అక్కా, నువ్వొక మాట చెప్పు ఎల్లుండి. నీ మాట వింటారు.”

“టీ తాగు, చల్లారుతుంది,” అంది జయ.

మధ్యాహ్నం కరెంటు పోయింది. జయ డ్యూటీకి వెళ్ళింది, రెండింటికి. పెర్సిస్ పక్కింట్లో ఇన్వర్టరు ఫాను కింద కూర్చోడానికి పోయింది. నేను తడిగుడ్డ తెచ్చి మూత లోపల ఒక మూల అద్దాను. దేవుడి పెట్టెను ముట్టుకున్నవాడు చచ్చిపోయాడని పిల్లలకు నెల రోజుల నుంచి చెప్తున్నాం. చెమట కారుతోంది. నాకు ఎంతో సంతోషంగా కూడా ఉంది: యేసుకుమార్ బయటపడ్డాడు! జయకు తెలియనే తెలియదు! సాయంత్రం చెప్తే ఎగిరి గంతేస్తుంది! పొర మీద పొర లేచింది. టేపు మీద నుంచి బంగారం చక్కగా ఊడొచ్చింది.

ఏప్రిల్ 9. ఏప్రిల్ 10. ఏప్రిల్ 11. మూడు గళ్ళలో వంకర హిందీ అక్షరాలు: ప్లగ్ ఖరాబ్ హై. పక్కన యేసుకుమార్ పొడి అక్షరాలు.

దాని పక్క గడిలో, మెషీను సిద్ధంగా ఉందని నర్సు పెట్టే గుర్తు. మూడు రోజులూ టిక్కు. మూడు రోజులూ టైము ఎనిమిది. మూడు రోజులూ జె.కె.

ఆ చేతిరాతతోనే పదిహేడేళ్ళుగా మా ఇంటి పాలవాడి చీటీ.

మూత ముందే కూర్చున్నాను. జయ డ్యూటీకి వెళ్ళినదల్లా గంటన్నరకే తిరిగొచ్చింది. సెలవు పెట్టానంది. వరండా మెట్టు మీద నుంచే మూత చూసింది, తడిగుడ్డ చూసింది. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది.

“చూడకుండా పెట్టావా?” అన్నాను.

“ఎనిమిదింటికి డ్యూటీ మారేటప్పుడు పద్దెనిమిది మంది పేషెంట్లు, తొమ్మిది కాగితాలు. అన్నిట్లో ఒకేసారి పెడతాం, పక్క గడి కూడా చదవం. అందరం అంతే.” నా వైపు తిరిగింది. “మీ స్టోర్సులో సరుకు చూశాకే సంతకం పెడతారా మీరు?”

ఆవిడకు తెలుసు, నాకు గోడౌను ఏ వైపు ఉందో కూడా సరిగా తెలియదని.

“పొద్దున ఎనిమిదింటికి మెషీను బాగానే ఉంది, ఆ తర్వాత చూసుకోవాల్సింది యేసుకుమార్ అని ఆసుపత్రివాళ్ళకు రాసిచ్చాను. నిజమనుకునే రాశాను. టిక్కు పెట్టానంటే బాగున్నట్టేగా అనుకున్నాను. ఈ పెట్టె ఇంటికొచ్చిన రోజు చదివాను, వాడు రాసింది.”

“నెల రోజులు, జయా!”

“రోజూ రేపు చెబుదామనుకున్నాను.”

“ఇప్పుడేం చేద్దాం?”

జయ ఊడిన బంగారు కాగితం ముక్కను ఒళ్ళో పెట్టుకుని మడతలు సరిచేసింది. “రేపు పిల్లల ప్రోగ్రాం ఉంది. చిరిగిన చోట అంటించండి.”

అంటించాను. మందసం బాగు చేస్తున్నానో, ఇంకేదైనా చేస్తున్నానో నాకే తెలియలేదు. మైదా జిగురు వేళ్ళకంటుకుని సబ్బుకు కూడా పోలేదు.

*

ఆదివారం యొర్దాను ఆగింది. తార్పాలిన్ రెండు కొసలు పట్టుకుని ఊపుతున్న ఇద్దరు అమ్మలు, ముందు నడుస్తున్న యేసుకుమార్ కాలు దాని మీద పడగానే బిగబట్టి నిలబడ్డారు. వెనక కర్ర నా భుజం మీద ఉంది. అతని మెడ మీద చెమట, నా ముందున్న బంగారం, పక్క నుంచి పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ దాటిపోతున్నారు. “ఎవరూ ముట్టుకోకండిరా!” అని అన్నమ్మగారు కేక. చప్పట్లు మోగాయి. పెట్టె తన ఖాళీ బరువు కన్నా చాలా బరువుగా ఉందని నాకనిపించింది. అది నా భుజం సంగతో, నా సంగతో.

“అసలు దానిలాగే ఉందయ్యా తోమాసూ,” అన్నారు పాస్టరుగారు. వెయ్యాల్సిన జోకు నాలిక చివర దాకా వచ్చి, ఎక్కడికెళ్ళాలో తెలియక వెనక్కి పోయింది.

సోమవారం పొద్దున ఏడింటికి జయ యూనిఫారం వేసుకుని, “స్క్రూ డ్రైవరు ఎక్కడుంది?” అనడిగింది. మూత బందులు తనే విప్పింది. మూత లోపలి కాగితాన్ని తడిపి, మళ్ళీ బంగారమంతా తీసింది. కెరూబుల బోల్టులు మాత్రం రాలేదు, యేసుకుమార్ అంత గట్టిగా బిగించాడు.

“నేనూ రానా?”

“వద్దు. మీరు అక్కడ కూడా ఏదో ఒకటి అంటారు.”

దుప్పటి కప్పినా మూత ఆటోలో పూర్తిగా పట్టలేదు. రెండు కెరూబులు బయటికి తొంగిచూస్తూ సందు మలుపు తిరిగాయి.

సాయంత్రం నాలుగయ్యాక వచ్చింది. మూత లేదు చేతిలో.

“నమ్మలేదండీ,” అంది మంచినీళ్ళు తాగి.

“ఏం నమ్మలేదు?”

“నా తప్పని. బంగారు రంగేంటి, జిగురేంటి, ఈ కోళ్ళేంటి అన్నారు. కాగితం మీ ఇంటికెలా వచ్చిందన్నారు. మీరిద్దరూ ఒక భాష, ఒక చర్చి, వాణ్ణి కాపాడటానికి నువ్వే రాసి తెచ్చావన్నారు. కాదు, ఆ టిక్కు నాదే, చూడకుండా పెట్టాను అంటే, ఇంటికెళ్ళు సిస్టర్, నీకు ఒంట్లో బాగాలేదు అన్నారు.”

తప్పు లేదని చెప్పుకోడానికి తిప్పలు పడే జనాన్ని చూశాను గానీ, ఉందని నమ్మించడానికి పడే తిప్పలు ఎక్కడా వినలేదు.

“మరి?”

“మిగతా వార్డుల కాగితాలు తెప్పించండి, నా టిక్కుతో పోల్చుకోండి అన్నాను. తెప్పించారు. అన్ని వార్డుల్లో, అందరి గళ్ళలో, రోజూ ఎనిమిదింటికే టిక్కులు. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. తర్వాత యేసుకుమార్‌ని రేపట్నించి రమ్మన్నారు. నాకు మూడు నెలలు సస్పెన్షను. ఆ తర్వాత కూడా వార్డు కాదు, రికార్డు రూము.”

పంతొమ్మిదేళ్ళు వార్డులో నిలబడ్డ మనిషి. రికార్డు అన్న మాట నా ముందు వచ్చి ఆశగా నిలబడింది. వెళ్ళిపొమ్మన్నాను.

పెర్సిస్ గుమ్మంలో నిలబడి అంతా వింది. వచ్చి వాళ్ళమ్మ బూట్ల లేసులు విప్పింది. “అన్నం పెట్టనా మమ్మీ?” అంది, తెలుగులో.

చీకటి పడకముందే యేసుకుమార్ వచ్చాడు. లోపలికి రాలేదు. చేతిలో మిఠాయి పెట్టె ఉంది, దాన్నేం చెయ్యాలో అతనికీ తెలిసినట్టు లేదు.

“ఆ మూతకి బోల్టులు నేనే బిగించాను గదా అక్కా,” అన్నాడు.

“అవును.”

“నువ్వు అక్కడే కూర్చుని టీ పోశావు.”

“అవును, యేసూ.”

మిఠాయి పెట్టె గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాతి రెండు ఆదివారాలు వాళ్ళు హాల్లో అటు పక్క కూర్చున్నారు.

జూన్ చివర్లో, ఒక పొద్దున ఎనిమిదింపావుకు ఫోను మోగింది. నేను ఆఫీసుకు తయారవుతున్నాను. జయ తీసింది. అవతల గొంతు నాకూ వినబడుతోంది.

“అక్కా, నేను. ఆ ప్లగ్గు ఇంకా బాగుచెయ్యలేదు.”

జయ కుర్చీలోంచి లేచింది. “ఏ ప్లగ్గు?”

“అదే ప్లగ్గు. కొత్త పెట్టె తెచ్చి దానికే పెట్టారు. రాశాను. కొత్త సిస్టర్ టిక్కు కొట్టేసి చాయ్‌కి కూర్చుంది.”

“ఫోను ఆవిడకియ్యి.”

“నువ్వు సస్పెన్షన్లో ఉన్నావు గదా అక్కా!”

“ఇయ్యరా.”

అటు నుంచి ఎవరో చిన్న అమ్మాయి గొంతు చిరాగ్గా హలో అంది. జయ హిందీలో, చాలా నెమ్మదిగా చెప్పింది: “బహెన్, మీరెవరో నాకు తెలీదు. లేచి వెళ్ళి ఆ మెషీను బటన్ నొక్కి లైటు వెలుగుతుందో లేదో చూసి రండి. కాగితం కాదు, మెషీను. నేను ఫోను పట్టుకునే ఉంటాను.”

ఏ అధికారంతో చెప్పిందో నాకు అర్థం కాలేదు. అవతలి అమ్మాయికీ అర్థమైనట్టు లేదు. తర్వాత రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు, నేల మీద చెప్పులు దూరంగా వెళ్తున్న చప్పుడు.

నా బస్సు వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి చూసి తిరిగొచ్చే దాకా జయ ఫోను చెవికానించుకుని అలాగే నిలబడింది, నేనూ నిలబడ్డాను.